ఖగోళ శిబిరము: సహాయకుల బాధ్యత

ఆకాశమును గూర్చి చదువుట వేరు, ఆకాశమును కొలుచుట వేరు. మొదటిది ఇంటిలో దీపము క్రింద కూర్చుండి చేయదగిన పని. రెండవదానికి ఆరుబయలు, చీకటి, ఓపిక, కొలతసాధనములు, తోడివారు కావలెను. ఈ అయిదింటిని ఒక్కచోట సమకూర్చి, విద్యార్థులను కొన్ని దినములో కొన్ని వారములో అక్కడనే నివసింపజేసి, రాత్రులు ఆకాశపరిశీలన చేయించు ఏర్పాటునకే ఖగోళ శిబిరమని పేరు. భోజనము, నిద్ర, పాఠము, పరిశీలన అన్నియు అక్కడనే జరుగును.

ఇట్టి శిబిరములను గూర్చి ముచ్చటించునపుడు మనము సాధారణముగా అక్కడి దూరదర్శిని ఎంత పెద్దదనియు, పాఠము చెప్పిన ఆచార్యుడు ఎవరనియు అడుగుదుము. శిబిరము చక్కగా నడచుట మాత్రము చాలవరకు వేరొక తరగతివారిపై ఆధారపడి యుండును. వారు సహాయకులు. విద్యార్థులకంటె నాలుగైదేండ్లు పెద్దలై, కళాశాలలలో చదువుచున్న యువతీయువకులు సాధారణముగా ఈ పనికి వత్తురు. విద్యార్థులతోపాటే వసతిగృహములో ఉందురు. పరికరములను బయటికి మోయుదురు, తిరిగి లోపలికి మోయుదురు. రాత్రి అందరికంటె ఆలస్యముగా పండుకొందురు. చూచువారికి ఇది కూలిపని వలె తోచును. కాని వారి అసలు బాధ్యత ఒకటి కలదు: విద్యార్థి చేయవలసిన కొలతను విద్యార్థిచేతనే చేయించుట. తెలిసినవాడు నోరు మూసికొని ప్రక్కన నిలుచుట ఎంత కష్టమో ఎరిగినవారికి ఈ బాధ్యత బరువు బోధపడును.

దీనిని వివరించుటకు ఒక శిబిరము చరిత్ర మనకు ఉపకరించును. 1957 అక్టోబరు 4వ తేదీన సోవియట్ దేశము స్పుత్నిక్ ఉపగ్రహమును ప్రయోగించిన పిమ్మట అమెరికాలో విజ్ఞానబోధను గూర్చి గొప్ప చర్చ చెలరేగెను. ఆ వాతావరణములో, 1959 వేసవిలో, కాలిఫోర్నియా రాష్ట్రమునందలి ఓహై లోయలో థాచర్ పాఠశాల యందు ఉన్నత పాఠశాల విద్యార్థులకొరకు 'సమ్మర్ సైన్స్ ప్రోగ్రాం' అను నివాస శిబిరము ఆరంభమయ్యెను. గెలాక్సీ గుచ్ఛముల పట్టికను 1958లో ప్రకటించి ప్రసిద్ధికెక్కిన జార్జి ఏబెల్ అక్కడ పెక్కు వేసవులు పాఠములు చెప్పెను. కాలక్రమమున ఆ శిబిరము స్థలములు మారినది, శాఖలు పెరిగినవి, ఇతర శాస్త్రములకును విస్తరించినది. ఖగోళ విద్యార్థుల ముందుంచు ప్రధాన సమస్య మాత్రము మారలేదు. ఒక లఘుగ్రహమును వారే ఆకాశమున పట్టుకొనవలెను. దాని స్థానమును వారే కొలువవలెను. సూర్యుని చుట్టు అది తిరుగు మార్గమును వారే గణింపవలెను.

లఘుగ్రహములనగా సూర్యుని చుట్టు తిరుగు రాతి తునకలు. గ్రహశకలములనియు వీనికి పేరు. వీనిలో అధికభాగము కుజ బృహస్పతుల కక్ష్యల నడుమ తిరుగును. కొన్ని భూమి కక్ష్య చేరువకును వచ్చును. వీనిలో మొదట కంటబడినది సిరీస్. ఇటలీ దేశములోని పాలెర్మో నగరమున పియాజ్జి అను ఖగోళజ్ఞుడు 1801 జనవరి 1వ తేదీన దానిని కనుగొని, ఫిబ్రవరి 11 వరకు గమనించెను. తరువాత అది సూర్యుని కాంతిలో మరుగుపడెను. మరల ఎచ్చట పొడచూపునో ఎవరికిని తెలియదు. అప్పుడు 24 ఏండ్ల యువకుడైన గౌస్, ఆ కొలది దినముల కొలతలనుండియే దాని కక్ష్యను గణించుటకు ఒక పద్ధతిని కల్పించెను. అతడు చెప్పిన ప్రాంతముననే ఆ సంవత్సరాంతమునకు సిరీస్ తిరిగి దొరికెను. ఓహై శిబిరమున విద్యార్థులు నేర్చుకొను పద్ధతికి మూలమిదియే.

ఇంత పెద్ద లెక్క పదునేడేండ్ల బాలునికో బాలికకో అందునా యని సందేహము కలుగవచ్చును. లెక్క పొడవైనదే గాని దాని మూలసూత్రము సులభము. ఒక కక్ష్యను సంపూర్ణముగా నిర్ణయించుటకు ఆరు సంఖ్యలు చాలును: కక్ష్య ఎంత పెద్దది, ఎంత కోలగా ఉన్నది, భూకక్ష్యతలమునకు ఎంత వంగియున్నది, ఏ దిక్కునకు తిరిగియున్నదో తెలుపు రెండు కోణములు, ఒకానొక వేళకు ఆ శకలము తన దారిలో ఎక్కడ ఉన్నది. ఆకాశమున ఒకమారు చూచినప్పుడు మనకు రెండు సంఖ్యలు లభించును. భూమిమీద రేఖాంశము, అక్షాంశము ఎట్టివో ఆకాశమున విషువాంశము, క్రాంతి అట్టివి. దూరము మాత్రము తెలియదు. కాబట్టి వేర్వేరు రాత్రులలో మూడుమార్లు కొలిచినచో మూడు రెండ్లు ఆరు సంఖ్యలు చేతికి వచ్చును. ఆరు తెలియనివి, ఆరు తెలిసినవి. ఇక మిగిలినది గణితము, ఓపిక.

ఇప్పుడు ఒక్కొక్క మెట్టు వద్ద సహాయకుని స్థానమేమో చూతము.

మొదటి మెట్టు చీకటి. దీపకాంతిలోనుండి బయటికి వచ్చిన కన్ను మసకచుక్కలను చూడగలుగుటకు 20 మొదలు 30 నిమిషములు పట్టును. కంటి వెనుకటి పొరలో రొడాప్సిన్ అను పదార్థము చీకటిలో మెల్లమెల్లగా తిరిగి కూడుకొనుటయే దీనికి కారణము. ఒక్క తెల్లని దీపము ఒక్క క్షణము వెలిగినను ఆ అరగంట ఓపికయు వ్యర్థమగును. ఎఱ్ఱని వెలుతురు ఆ పదార్థమును అంతగా చెరుపదు గనుక చేతిదీపములకు ఎఱ్ఱని పలుచని కాగితము చుట్టుదురు. నేడు ప్రతివాని జేబులోను సెల్‌ఫోను ఉన్నది. దాని తెర వెలుగునుండి పదిమంది కన్నులను కాపాడుట సహాయకుని మొదటి పని. ఈ నియమమును గద్దించి చెప్పువాడు ఒక్కరాత్రి నెగ్గును. కారణము చెప్పి, కంటితో పరీక్షింపజేసినవాడు శిబిరము ముగియువరకు నెగ్గును. కృత్తికలను మొదటి నిమిషమున ఎన్ని లెక్కింపగలిగిరో, అరగంట తరువాత ఎన్ని లెక్కింపగలిగిరో విద్యార్థులచేత వ్రాయించినచో అటుపై దీపము వెలిగించువానిని వారే వారింతురు.

రెండవ మెట్టు వెదకుట. నక్షత్రముల నడుమ లఘుగ్రహము మరియొక చుక్కవలెనే ఉండును, రూపమునుబట్టి గుర్తింపలేము. ఒకే ఆకాశభాగమును కొంత వ్యవధితో రెండు మూడుమార్లు చిత్రించి, చిత్రములను పోల్చి చూడవలెను. నక్షత్రములన్నియు తమ తమ తావులందే ఉండగా ఒక్క చుక్క జరిగియుండును. పూర్వము గాజుపలకలపై చిత్రించి, చీకటిగదిలో రసాయనములతో కడిగెడివారు. నేడు ఎలక్ట్రానిక్ గ్రాహకములు, కంప్యూటరు తెరలు వచ్చినవి. పరికరము మారినను పొరపాటు మారలేదు. గ్రాహకములోని లోపము వలన ఏర్పడిన వెలుగుమచ్చను చూచి "దొరికినది!" అని విద్యార్థి ఎగిరి గంతువేయును. అది కాదని సహాయకునికి తెలియును. "కాదు" అని అతడన్నచో విద్యార్థి నమ్మును. అయితే నేర్చుకొనునది సహాయకుని మాటను నమ్ముట మాత్రమే. "మూడవ చిత్రములో అది ఎక్కడ ఉన్నది?" అని అడిగినచో విద్యార్థి తానే పోయి చూచుకొనును. తన తప్పును తానే పట్టుకొన్న బాలుడు మరునాటి రాత్రికి మెలకువగలవాడగును.

మూడవ మెట్టు కొలుచుట. లఘుగ్రహము చుట్టునున్న నక్షత్రముల స్థానములు పట్టికలలో ముందే నిర్ణయమై యుండును. వానిని ఆధారముగా గొని దాని స్థానమును కట్టవలెను. కోణమున ఒక భాగను 3600 వంతులు చేసినచో ఒక వంతునకు వికల యని పేరు. పూర్ణచంద్రబింబము వెడల్పు సుమారు 1800 వికలలు. విద్యార్థుల కొలత ఒక వికలకంటెను సూక్ష్మముగా ఉండవలెను. కాలమును గూడ అంత జాగ్రత్తగా వ్రాయవలెను. కాలిఫోర్నియాలో వేసవి గడియారమునకును గ్రీనిచ్ కాలమునకును 7 గంటల భేదము. మన దేశపు గడియారమునకు 5 గంటల 30 నిమిషముల భేదము. లెక్కలో ఒక్క గంట తప్పినచో ఏమి నష్టమని తోచవచ్చును. ఆ ఒక్క గంటలో మనము నిలిచియున్న భూమియే తన కక్ష్యపై సుమారు 1,07,000 కిలోమీటర్లు సాగిపోవును. చూచువాడు ఎక్కడ నిలిచి చూచెనో తెలియని కొలతకు విలువ లేదు.

నాల్గవ మెట్టు గణితము. తొలినాళ్ళలో మీటలు నొక్కి నడుపు యంత్రములతోను, గణిత పట్టికలతోను ఈ లెక్క చేసెడివారు. ఇప్పుడు విద్యార్థులు ముగ్గురేసి జట్టులై తమ కంప్యూటరు ప్రోగ్రామును తామే వ్రాసికొందురు. మొదట దూరమును ఊహించి, ఆ ఊహతో లెక్కించి, వచ్చిన ఫలితముతో ఊహను సవరించి, మరల మరల లెక్కింతురు. కాంతి ప్రయాణకాలమును గూడ లెక్కలోనికి తీసికొనవలెను. సూర్యకాంతి మనలను చేరుటకు 8 నిమిషముల 19 సెకనులు పట్టునట్లే, లఘుగ్రహమునుండి వచ్చు వెలుగునకును కొంతకాలము పట్టును; మనము చూచునది అది కొంతసేపటి క్రిందట ఉన్న స్థానము. జట్టులో చురుకైన ఒక్కడే మొత్తము పని చేసివేయుట, తక్కిన ఇద్దరు తలలూపుట సహజముగా జరుగు ప్రమాదము. సహాయకుడు దీనిని కనిపెట్టి, మాటాడనివానిని పిలిచి, "ఈ వరుసకు అర్థమేమి?" అని అడుగవలెను. వాడు చెప్పలేనిచో జట్టు మొత్తము ఆగవలెను.

ఈ లఘుగ్రహపు కక్ష్య అంతర్జాలములో ఒక్క క్షణమున దొరకునపుడు ఇంత శ్రమ ఎందులకని ప్రశ్నించువారు లేకపోలేదు. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరము అయిదవ మెట్టున దొరకును. విద్యార్థులు తమ ఫలితమును ప్రకటితమైన కక్ష్యతో పోల్చిచూతురు. తరచుగా అవి సరిగా కలియవు. శిబిరమంతటిలో గంభీరమైన ఘడియ ఇదియే. ఒక అంకెను కొంచెము జరిపినచో ఫలితము అందముగా కుదురును. అర్ధరాత్రి దాటినది, కన్నులు మూతలు పడుచున్నవి, తెల్లవారినచో నివేదిక ఇయ్యవలెను. అప్పుడు సహాయకుడు ప్రక్కన నిలిచి, అంకెను జరుపనీయకూడదు. సరియైన అంకెను తానుగా చెప్పనుగూడదు. కొలతపుస్తకమును మొదటినుండి చదువుమని చెప్పవలెను. అందుకే ఆ పుస్తకములో తప్పును చెరిపివేయుట నిషేధము. ఒక్క గీత గీసి కొట్టివేసి, ప్రక్కన సరియైనది వ్రాయవలెను. కొట్టివేసిన అంకెయు చదువ వీలుగా ఉండవలెను. ఎంతవెదకినను తేడా తీరనిచో, "మా ఫలితము ఇంత తేడాగా వచ్చినది" అని వ్రాసి ఇయ్యవలెను. ఆ వాక్యము వ్రాయగలిగిన విద్యార్థి విజ్ఞానశాస్త్రపు గడప దాటినట్లే.

ఇది కేవలము నీతిబోధ కాదు. ఆ శిబిర విద్యార్థుల పరిశీలనలు మసాచుసెట్స్ రాష్ట్రములోని కేంబ్రిడ్జిలో లఘుగ్రహముల కొలతలను ప్రోగుచేయు అంతర్జాతీయ కేంద్రమునకు పంపబడుచున్నవి. ఇట్టి కొలతల విలువ ఎట్టిదో 2004లో లోకమునకు తెలిసెను. ఆ యేడు కనుగొన్న అపోఫిస్ అను లఘుగ్రహము 2029లో భూమిని తాకుటకు నూటికి 2.7 పాళ్ళ అవకాశమున్నదని డిసెంబరు చివరిలో లెక్క తేలెను. అంతలో అదే సంవత్సరము మార్చిలో తీసిన పాత చిత్రములలో దాని జాడ దొరికెను. ఆ పాతకొలతను చేర్చి లెక్కింపగా 2029 నాటి భయము తొలగిపోయెను. 2029 ఏప్రిల్ 13న అది భూతలమునకు సుమారు 32,000 కిలోమీటర్ల దూరమునుండి సాగిపోవునని నేటి గణితము. ఒక శ్రద్ధగల పాత రికార్డు ఎంతమందికి ఊరట కలిగించెనో చూడుడు.

ఇట్టి శ్రద్ధకు మన ప్రాంతముననే గొప్ప నిదర్శనము కలదు. ఆకాశమంతటిని చిత్రించి నక్షత్రముల పట్టికను కూర్చవలెనని 1887లో పారిస్ నగరమున వివిధ దేశముల ఖగోళజ్ఞులు నిర్ణయించిరి. ఆకాశమును భాగములుగా చేసి వేధశాలలకు పంచిరి. దక్షిణ క్రాంతి 17 మొదలు 23 భాగల వరకు గల మండలము తుదకు హైదరాబాదులోని నిజామియా వేధశాల వంతునకు వచ్చెను. బేగంపేటలోని ఆ వేధశాలలో సిబ్బంది ఏండ్ల తరబడి గాజుపలకలపై లక్షలాది నక్షత్రముల స్థానములను కంటితో చూచి, కొలిచి, వ్రాసిరి. విసుగుపుట్టించు పని, పేరు ప్రతిష్ఠలు లేని పని. కాని 1989లో ప్రయోగించిన హిప్పార్కస్ ఉపగ్రహము కొలతలను, ఈ పాతపట్టికల కొలతలను సరిపోల్చియే 2000వ సంవత్సరమున సుమారు 25 లక్షల నక్షత్రముల చలనములను తెలుపు 'టైకో-2' పట్టికను సిద్ధపరచిరి. బేగంపేటలో నాడు ఒక ఉద్యోగి అలసటతో ఒక అంకెను ఊహించి వ్రాసియుండినచో ఆ ఊహ దశాబ్దముల తరువాత ఒక నక్షత్రపు నడకను వంకర చేసియుండెడిది.

మన దేశములోను విద్యార్థులకు నివాస శిబిరములు జరుగుచున్నవి. ఖగోళ ఒలింపియాడునకు విద్యార్థులను ఎంచుటకు ముంబయిలోని హోమీ భాభా విజ్ఞానవిద్యా కేంద్రము నడుపునది వానిలో ఒకటి. మన ప్రాంతమున పాఠశాలలవారు, కళాశాలలవారు మూడు నాలుగు రాత్రుల చిన్న శిబిరములను నడుపదలచినచో కొన్ని విషయములు గమనింపవలెను. కాలిఫోర్నియాలో వేసవి వానలులేని కాలము. మనకు జూన్ మొదలు నైరృతి ఋతుపవనము ఆకాశమును కప్పివేయును. తెలంగాణమున డిసెంబరు మొదలు ఫిబ్రవరి వరకు రాత్రులు సాధారణముగా నిర్మలముగా ఉండును. డిసెంబరు చివర రాత్రి సుమారు 13 గంటల నిడివి. అమావాస్యకు దగ్గరి దినములను ఎంచుకొనవలెను. ఏటేట డిసెంబరు 13, 14 తేదీలలో మిథునరాశి దిక్కునుండి ఉల్కలు రాలును. అవి చూచుటకు దూరదర్శిని అక్కరలేదు; చాపమీద వెల్లకిల పరుండి లెక్కించుటయే. వంతులవారీగా ఒకరు చూచి, ఒకరు వ్రాయవలెను.

సహాయకులు మరవరాని జాగ్రత్తలు మరికొన్ని. పగలు సూర్యుని దూరదర్శినితో నేరుగా చూచినచో క్షణములో కన్ను పోవును. కాబట్టి పగటివేళ గొట్టములకు, వాని ప్రక్కనుండు చిన్న గొట్టములకు గూడ మూతలు వేసి యుంచవలెను. సూర్యబింబమును తెల్లని కాగితముపై పడవేసి చూపుట, అదియు పెద్దల ఎదుట, మేలు. పరిశీలనస్థలమును వెలుతురుండగనే నడిచి చూచి, గుంతలు, ముండ్లు, పురుగుపుట్రలు లేకుండునట్లు సిద్ధపరుపవలెను. మంచుకు దుప్పట్లు, అర్ధరాత్రి ఆకలికి వేడి పదార్థము కావలెను. మూడు గంటలవరకు మేల్కొన్న పిల్లలను ఆరుగంటలకు గంటకొట్టి లేపుట తగదు. నిద్రలేని కన్ను తప్పుగా చూచును, నిద్రలేని చేయి తప్పుగా వ్రాయును. మబ్బుపట్టిన రాత్రికి వేరొక పని సిద్ధముగా ఉండవలెను. వెనుకటి రాత్రి కొలతలను సరిచూచుకొనుటకు మబ్బురాత్రి మంచి అదను.

పిల్లల మనస్సును గూడ కనిపెట్టవలెను. తన పాఠశాలలో ఎప్పుడును మొదటివాడుగా నిలిచినవాడు ఇచ్చట తనవంటివారు ముప్పదిమంది నడుమ కూర్చుండును. మొదటిమారుగా అతనికి తెలియని ప్రశ్న ఎదురగును. కొందరు మౌనము వహింతురు, కొందరు ఇల్లు తలచుకొందురు. అట్టివానికి ఆచార్యుని ఉపన్యాసముకంటె, నిన్నమొన్నటివరకు తనవలెనే తడబడిన సహాయకుని మాట మేలు చేయును. మంచి శిబిరములు తమ పూర్వవిద్యార్థులనే సహాయకులుగా పిలుచుకొనుటలోని రహస్యమిదియే.

తలిదండ్రులకు ఒక మనవి. శిబిరమునుండి తిరిగివచ్చిన పిల్లవాడు నిద్రమొగముతో ఉండును. చేతిలో బహుమానమేమియు ఉండకపోవచ్చును. ఎన్ని నక్షత్రములు చూచితివని అడిగినచో సంభాషణ అంతటితో ముగియును. ఏమి కొలిచితివి, ఎంత తేడా వచ్చినది, ఆ తేడా ఎందువలన వచ్చినదని అడుగుడు. తరువాత మేడమీదికి వెంట పొండు. చేయి చాచి పిడికిలి బిగించినచో దాని వెడల్పు సుమారు 10 భాగల కోణము. హైదరాబాదులో ధ్రువనక్షత్రము ఉత్తర దిగంతమునకు పైన సుమారు 17 భాగల ఎత్తున, అనగా రెండు పిడికిళ్ళకంటె కొంచెము తక్కువగా ఉండును. ఆ ఎత్తే మన ఊరి అక్షాంశము. పిల్లవానిచేత దానిని కొలిపించుడు. వచ్చిన అంకె 17 కాకపోయినను సరియే, వచ్చినదానినే కాగితముపై వ్రాయుమనుడు.